స్టింగ్ గాల్జీ దాకా ఎందుకు వెళ్లాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత మేరకు ఇది. ఎమ్మెస్సీ సెమినార్ కోసం, కణంలోకి చొరబడిన వైరస్ డీఎన్ఏను కణం ఎలా పసిగడుతుందో చదువుతున్నారు. సీ-గ్యాస్ అనే ఎంజైము ఆ డీఎన్ఏను కణద్రవ్యంలో పట్టుకుంటుంది. స్టింగ్ అనే ప్రోటీన్ ఆ పక్కనే అంతర్జీవద్రవ్యజాలం పొరలో ఉంటుంది. దానితో జతకట్టవలసిన, ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించే టీబీకే1 అనే ఎంజైము కూడా కణద్రవ్యంలోనే తిరుగుతూ ఉంటుంది. ముగ్గురూ ఒకే వీధివాళ్లయినప్పుడు స్టింగ్ అక్కడి నుంచి లేచి గాల్జీ (కణం తన సరుకును సర్ది పంపే పొరల దొంతర) దాకా వెళ్లి మరీ సంకేతం ఇవ్వడం దేనికి, ఉన్నచోటి నుంచే ఇవ్వవచ్చు కదా అని అడిగారు. ఈ ప్రయాణాన్ని ఆపితే మందుగా పనికొస్తుందా అన్నది రెండో ప్రశ్న.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఉన్నచోటి నుంచి అది సంకేతం ఇవ్వలేదు. ఈ వ్యవస్థలో మీట ప్రోటీన్‌లో లేదు, అది చేరుకునే చోటులో ఉంది. ఇది ఒప్పుకుంటే మిగతా సమాధానమంతా వివరమే. ఆ వివరంలోనే మజా ఉంది కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను.

మీ సందేహానికి కారణం పుస్తకంలోని బొమ్మ. ఒక పేరు, ఒక బాణం, ఇంకో పేరు, ఇంకో బాణం. బాణం ‘ఆ తర్వాత ఏమిటి’ అని చెబుతుంది కానీ ‘ఎక్కడ’ అని చెప్పదు. నేను రోగనిరోధక శాస్త్రం వైపు నుంచి వచ్చినవాణ్ణి కాదు. నా పనిలో మొదటి పదేళ్లు కణంలోని సరుకు రవాణా మీదే గడిచాయి. ఏ ప్రోటీన్ ఏ సంచిలో ఎక్కింది, ఎక్కడ దిగింది, దారి తప్పితే ఎవరు వెనక్కి తెచ్చారు, ఇదే లోకం. ఆ రోజుల్లో ఇమ్యునాలజీ వాళ్ల ఉపన్యాసాలకు వెళ్లి వెనక వరుసలో కూర్చుని, వీళ్లకు కణమంటే గిన్నెడు చారు, అందులో అన్నీ కలిసి తేలుతుంటాయి అనుకునేవాణ్ణి. స్టింగ్ వచ్చాక ఆ రెండు గదుల మధ్య గోడ కూలింది.

ముందు ‘ఎక్కడ’ అన్న మాటకు ఇంత విలువ ఎందుకో చూద్దాం. 2013లో డాలస్‌లోని జేమ్స్ చెన్ బృందం సీ-గ్యాస్‌ను కనుక్కుంది. దానికి అక్షరాలు చదవడం రాదు. హెర్పిస్ డీఎన్ఏ అయినా, మశూచి జాతి వైరస్ డీఎన్ఏ అయినా, మీ సొంత డీఎన్ఏ అయినా దానికి ఒకటే. అది పట్టుకునేది మెలితిరిగిన రెండు పోగుల వెన్నెముకను, అందులోని రాతను కాదు. అలాంటప్పుడు స్వపర భేదం ఎలా తెలుస్తుంది? ఆ డీఎన్ఏ ఎక్కడ దొరికిందన్న దాన్ని బట్టి. మన డీఎన్ఏ ఉండవలసింది కేంద్రకంలో, మైటోకాండ్రియాలో. కణద్రవ్యంలో దొరికితే ఏదో తేడా జరిగిందని అర్థం. ఇక్కడ ఒక మెలిక ఉంది. సీ-గ్యాస్ చాలామటుకు కేంద్రకం లోపలే ఉంటుందని తర్వాత తేలింది. మరి అక్కడ గుట్టలుగా ఉన్న డీఎన్ఏను చూసి అది ఎందుకు కేకలు వేయదు? మన డీఎన్ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టలే, అంటే న్యూక్లియోసోమ్‌లే, సీ-గ్యాస్‌ను కదలకుండా అదిమిపట్టి ఉంచుతాయని 2020లో పలు బృందాలు నిర్మాణ చిత్రాలతో చూపించాయి. అక్కడా కాపలా కాస్తున్నది చోటే.

డీఎన్ఏను పట్టుకున్న సీ-గ్యాస్, ఏటీపీనీ జీటీపీనీ కలిపి సీజీఏఎంపీ అనే చిన్న వలయాన్ని తయారుచేస్తుంది. ఆ వలయం కణద్రవ్యంలో వ్యాపించి స్టింగ్‌ను చేరుతుంది. దీని మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. మీ పుస్తకంలో ఉన్నది సరిపోతుంది.

అసలు కథ స్టింగ్‌ది. 2008లో గ్లెన్ బార్బర్ బృందం దీన్ని ప్రకటించింది. దాదాపు అదే కాలంలో వేరే ప్రయోగశాలలు మిటా, ఎరిస్, ఎంపీవైఎస్ అని వేరే పేర్లు పెట్టాయి. పాత వ్యాసాలు చదివేటప్పుడు ఇవన్నీ ఒకే ప్రోటీన్ అని గుర్తుంచుకోండి. మనుషుల్లో దీని పొడవు 379 అమైనో ఆమ్లాలు. రెండేసి అణువులు జంటగా ఉంటాయి. ఒక్కొక్కటి అంతర్జీవద్రవ్యజాలం పొరను నాలుగుసార్లు కుడుతుంది. (ఈ పేరు పొడవు కాబట్టి ఇకపై ఈఆర్ అంటాను.) జంట మధ్యలో ఒక గుంట ఉంటుంది. సీజీఏఎంపీ ఆ గుంటలో పడగానే పైభాగం మూసుకుని, పొరలోని భాగంతో పోలిస్తే 180 డిగ్రీలు తిరిగిపోతుంది. అప్పుడు జంటలు పక్కపక్కన చేరి వరుస కడతాయి. ఈ ఆకారం మారిన స్టింగ్‌ను కాప్-2 అనే తొడుగు ఉన్న సంచులు ఎక్కించుకుంటాయి. ఈ తొడుగును తయారుచేసే జన్యువులను ఈస్ట్‌లో ఒక్కొక్కటిగా పట్టినందుకే రాండీ షెక్‌మన్‌కు 2013లో నోబెల్ వచ్చింది. ఇన్సులిన్ నుంచి యాంటీబాడీల వరకు కణం బయటికి పంపే సరుకంతా ఎక్కే బండి అది. స్టింగ్‌కు ప్రత్యేకమైన రోడ్డేమీ లేదు, అందరితో పాటు అదే బండి.

గాల్జీ చేరాక జరిగేవి ముఖ్యంగా రెండు. స్టింగ్‌లోని 88వ, 91వ సిస్టీన్‌ల మీద పాల్మిటిక్ ఆమ్లం అనే కొవ్వు తోక అతుక్కుంటుంది. మన వంటిళ్లలోని పామాయిల్‌లో ఉండే కొవ్వు ఆమ్లమే అది. ఈ అతుకు పడకపోతే సంకేతం రాదని 2016లో జపాన్‌కు చెందిన తోమోహికో తాగుచి బృందం చూపించింది. రెండోది, గాల్జీ లోపలి వైపు తయారయ్యే సల్ఫేటు చేరిన చక్కెర గొలుసులు స్టింగ్‌ను కలిసికట్టుగా గుమిగూడేలా చేస్తాయి. కొవ్వు తోకలు పొరలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న చోట్లకు స్టింగ్‌ను లాగుతాయి. వెరసి ఈఆర్ పొర మీద పలచగా పరుచుకుని ఉన్న అణువులు గాల్జీలో గుంపుగా మారతాయి.

గుంపు ఎందుకు కావాలి? మీ ప్రశ్నకు నిజమైన జవాబు ఇక్కడుంది, దీన్ని చాలామంది ఉపాధ్యాయులు దాటేస్తారు. టీబీకే1 స్టింగ్ తోకను పట్టుకుంటుంది. పట్టుకున్న ఆ తోక మీదే 366వ స్థానంలో ఒక సెరీన్ ఉంటుంది, దానికి ఫాస్ఫేటు తగిలించాలి. కానీ టీబీకే1లో ఆ పని చేసే చోటు, అది పట్టుకున్న తోకకు దూరంగా ఉంటుంది. ఎవరి వీపు వారికి అందనట్టు, తాను పట్టుకున్న స్టింగ్‌కు అది ముద్ర వేయలేదు, పక్కన ఉన్న స్టింగ్‌కే వేయగలదు. 2019లో వచ్చిన నిర్మాణ చిత్రాలు దీన్ని కళ్లకు కట్టాయి. పక్కన ఎవరూ లేకపోతే ముద్ర లేదు. ముద్ర లేకపోతే జన్యువులను తెరిచే ఐఆర్ఎఫ్3 అనే ప్రోటీన్ వచ్చి కూర్చోవడానికి పీట లేదు. ఐఆర్ఎఫ్3 కూర్చుని, టీబీకే1 చేత తానూ ఫాస్ఫేటు వేయించుకుని, జంటకట్టి కేంద్రకంలోకి వెళితేనే, వైరస్ వచ్చిందని పక్క కణాలను హెచ్చరించే ఇంటర్ఫెరాన్ అనే ప్రోటీన్ జన్యువు తెరుచుకుంటుంది. ఈఆర్ మీద స్టింగ్, టీబీకే1 ఎదురుపడినా ఉపయోగం లేకపోవడానికి కారణం ఇదే. అక్కడ కలిసేవాళ్లు ఉన్నారు, పక్కన కూర్చునేవాళ్లు లేరు.

దీనికి సాక్ష్యం ఏమిటని మీ సెమినార్‌లో ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. మామూలుగా చూపించేది బ్రెఫెల్డిన్-ఎ ప్రయోగం. ఇది బూజు తయారుచేసే విషం, ఈఆర్ నుంచి గాల్జీకి రాకపోకలను చెడగొడుతుంది. ఇది వేస్తే సీజీఏఎంపీ ఎంత ఇచ్చినా టీబీకే1 మేలుకోదు. కానీ ఈ ప్రయోగాన్ని చాలామంది తప్పుగా చేస్తారు. ఇంటర్ఫెరాన్ కూడా అదే రోడ్డు మీద బయటికి రావలసిన ప్రోటీన్. బ్రెఫెల్డిన్ వేసి, గిన్నెలోని ద్రవంలో ఇంటర్ఫెరాన్ కొలిచి, ‘చూశారా, సంకేతం ఆగిపోయింది’ అంటే అది బుకాయింపు. సంకేతం వచ్చినా సరుకు బయటికి రాదు కదా. కొలవవలసింది కణం లోపలి ఫాస్ఫేటు ముద్రను, జన్యువు పలికిన ఆర్ఎన్ఏను. పోలియో వైరస్ సరిగ్గా ఈ కిటుకునే వాడుతుంది. దాని 3ఎ ప్రోటీన్ ఈ రోడ్డుకు అడ్డుపడి, తయారైన ఇంటర్ఫెరాన్ కూడా బయటికి తక్కువగా వచ్చేలా చేస్తుందని 2001లోనే తేలింది.

ఒక్క విషాన్ని నమ్ముకోవలసిన పని కూడా లేదు. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియా, ఇపాజే అనే ప్రోటీన్‌తో స్టింగ్‌ను ఈఆర్ దాటనివ్వదు. మన కణాల్లో ఏళ్ల తరబడి దాక్కునే సైటోమెగాలో వైరస్, యూఎల్82 అనే ప్రోటీన్‌తో స్టింగ్‌ను బండెక్కించే సహాయకులను విడదీస్తుంది. వేరే వేరే శత్రువులు వచ్చి ఒకే చోట దారి కాస్తున్నారంటే, ఆ దారి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి తిరగేసిన సాక్ష్యం ఇంకా బలమైనది. 2014లో ఆరుగురు రోగుల్లో ఒక వింత వ్యాధిని వర్ణించారు. పసితనం నుంచే జ్వరాలు, వేళ్ల చివర్లు, చెవులు, ముక్కు కొన చలికి కమిలి పుండ్లు పడటం, ఊపిరితిత్తుల్లో మచ్చలు. ఇన్ఫెక్షన్ ఏదీ లేదు. వారి స్టింగ్‌లో 155వ స్థానంలో వాలీన్ బదులు మెథియోనిన్ రావడం వంటి ఒక్క అక్షరం మార్పు ఉంది. ఆ స్టింగ్ సీజీఏఎంపీ లేకుండానే, ఎవరూ పిలవకుండానే, ఈఆర్ వదిలి గాల్జీకి బయలుదేరుతుంది. వ్యాధి పేరు సావి. ప్రయాణం ఆగితే సంకేతం లేదు, ప్రయాణం దానంతట అదే జరిగితే సంకేతం ఆగదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మీ సెమినార్‌లో సగం పని అయినట్టే.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి, మీకు పనికొస్తుంది. స్టింగ్ మీద పని మొదలుపెట్టిన కొత్తలో, సులువుగా దొరుకుతాయని హెచ్ఈకే293టీ కణాలు (ప్రయోగశాలలో పెంచే మనిషి మూత్రపిండపు కణాలు) తీసుకుని, వాటిలోకి మెరిసే తోక తగిలించిన స్టింగ్ జన్యువును గుప్పించాను. సీజీఏఎంపీ వేయకముందే సూక్ష్మదర్శిని కింద అంతా గాల్జీ దగ్గర ధగధగ మెరుస్తోంది. కొత్త విషయం కనుక్కున్నానని మూడు నెలలు మురిసిపోయాను. తీరా చూస్తే, స్టింగ్‌ను మోతాదు మించి చేయిస్తే అది దానంతట అదే గుంపుకట్టి మేలుకుంటుంది. ఆ కణాల్లో సొంత స్టింగ్ దాదాపు ఉండదు కాబట్టి పోల్చుకోవడానికీ ఏమీ లేదు. మూడు నెలల చిత్రాలు ఒక ఫోల్డర్‌లో ఇప్పటికీ ఉన్నాయి, తీసేయడానికి మనసు రాదు.

ఇక తిరుగు ప్రయాణం. కణంలో వెళ్లే బండ్లకు తిరిగి వచ్చే బండ్లుంటాయి. ఈఆర్‌కు చెందిన ప్రోటీన్లు పొరపాటున గాల్జీకి వస్తే కాప్-1 తొడుగు సంచులు వెనక్కి తెస్తాయి. స్టింగ్ కూడా మామూలు రోజుల్లో కొద్దికొద్దిగా గాల్జీ వైపు జారుతూనే ఉంటుంది. సర్ఫ్4 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని కాప్-1 సంచిలో ఎక్కించి ఇంటికి పంపుతుంది. అంటే ‘విశ్రాంతిలో స్టింగ్ ఈఆర్ మీద ఉంటుంది’ అన్న వాక్యం సగం నిజం. అక్కడ కూర్చుని లేదు, ఎప్పటికప్పుడు వెనక్కి తెస్తున్నారు కాబట్టి అక్కడ కనబడుతోంది.

దీని విలువ ఒక వ్యాధి వల్ల తెలిసింది. 2015లో ఐదు కుటుంబాల్లో ఊపిరితిత్తుల్లో రక్తస్రావం, కీళ్ల వాపు, మూత్రపిండాల దెబ్బ కలిసి వచ్చే ఒక వంశపారంపర్య వ్యాధికి కారణం కోపా అనే జన్యువని తేల్చారు. కోపా అంటే కాప్-1 తొడుగులో ఒక ముక్క. పేరుకు అది రోగనిరోధక జన్యువే కాదు, ఒట్టి రవాణా శాఖ ఉద్యోగి. దానికీ ఈ వాపులకూ ఏం సంబంధమని ఐదేళ్లు అందరూ తలలు పట్టుకున్నారు. 2020లో పలు బృందాలు ఒకేసారి జవాబు తెచ్చాయి. వెనక్కి తెచ్చే బండి పాడైతే స్టింగ్ గాల్జీలోనే ఇరుక్కుపోతుంది, పిలవకపోయినా సంకేతం ఇస్తూనే ఉంటుంది. ఆ వార్త చదివిన రోజు నాకు పండుగే. రవాణా మీద పనిచేసినవాళ్లకు అలాంటి రోజులు తక్కువ.

ఇంకో విచిత్రం. కోపా మార్పు ఉన్నవాళ్లందరికీ ఆ వ్యాధి రాదు. ఒకే ఇంట్లో తల్లి ఆరోగ్యంగా ఉండి బిడ్డ జబ్బు పడిన సందర్భాలున్నాయి. స్టింగ్ జన్యువుకే మనుషుల్లో హెచ్ఏక్యూ అనే మరో రూపం ఉంది, మూడు చోట్ల అమైనో ఆమ్లాలు మారి ఉంటాయి. అది మందకొడి రూపం. కోపా మార్పుతో పాటు ఆ మందకొడి స్టింగ్ కూడా ఉన్నవాళ్లకు వ్యాధి నుంచి రక్షణ దొరుకుతున్నట్టు ఇటీవలి పరిశోధన చెబుతోంది.

ప్రయాణానికి మూడో అంకం ముగింపు. గాల్జీలో పని అయ్యాక స్టింగ్ అక్కడే ఉండిపోదు. క్లాథ్రిన్ తొడుగు సంచులు దాన్ని ఎండోసోమ్‌లు అనే మజిలీ సంచుల మీదుగా, కణం తన చెత్తను కరిగించే లైసోజోమ్‌కు చేరుస్తాయి. అక్కడ అది కరిగిపోతుంది. అంటే సంకేతం ఎంతసేపు ఉండాలన్నది గాల్జీలో నిలిచే సమయం మీద ఆధారపడుతుంది. గంటలోపు గాల్జీ చేరుతుంది, మరికొన్ని గంటల్లో మాయమవుతుంది. ఈ చివరి అంచెలో అడ్డు పడినా వాపే. కొలెస్టరాల్‌ను లైసోజోమ్ నుంచి బయటికి పంపే ఎన్పీసీ1 లోపిస్తే నీమన్-పిక్ సి అనే మెదడు వ్యాధి వస్తుంది. అక్కడ స్టింగ్ సరిగా కరగక మిగిలిపోతోందని 2021లో తేలింది. జబ్బు కొవ్వుది, మంట స్టింగ్‌ది.

కొంచెం పక్కదారి పడతాను. ఇంటర్ఫెరాన్ వెన్నెముక ఉన్న జంతువుల్లోనే ఉంటుంది. స్టింగ్ మాత్రం సముద్రపు అనిమోన్‌లోనూ ఉంది, దాని దూరపు చుట్టాలు బ్యాక్టీరియాలోనూ ఉన్నాయి. అనిమోన్ స్టింగ్‌కు టీబీకే1ను పట్టుకునే పొడవైన తోక లేదు. అయినా సీజీఏఎంపీ తగిలితే అది కదులుతుంది, కణం తనలోని చెత్తను తానే మింగే ప్రక్రియను మొదలుపెడుతుంది. 2019లో ఇది బయటపడింది. అంటే ప్రయాణం పాతది, ఇంటర్ఫెరాన్ సంకేతం దాని మీద తర్వాత కట్టిన మేడ. మీరు ‘సంకేతం కోసం ప్రయాణం ఎందుకు’ అని అడిగారు. పరిణామం వైపు నుంచి చూస్తే ప్రయాణించే ప్రోటీన్‌కే తర్వాత సంకేతం తగిలించారు.

ఇది ఒక్క స్టింగ్ సంగతే అనుకోకండి. డీఎన్ఏను పట్టే టీఎల్ఆర్9 అనే గ్రాహకం ఎండోసోమ్‌లలో ఉంటుంది, కణం బయటి పొర మీద కాదు. ఎందుకని 2006లో గ్రెగ్ బార్టన్, సహచరులు ఒక చక్కటి ప్రయోగం చేశారు. దాన్ని మార్చి బలవంతంగా బయటి పొర మీదికి పంపారు. అప్పుడది వైరస్ డీఎన్ఏను పట్టలేకపోయింది, చచ్చిన కణాల నుంచి బయటపడ్డ మన డీఎన్ఏకు మాత్రం స్పందించింది. వైరస్ తన డీఎన్ఏను పొట్టులో దాచుకుని వస్తుంది, ఎండోసోమ్‌లో ఆ పొట్టు చినిగాకే డీఎన్ఏ బయటపడుతుంది. మన చెత్త డీఎన్ఏ అక్కడిదాకా చేరకముందే బయట ముక్కలవుతుంది. పైగా ఎండోసోమ్ చేరాక అక్కడి కత్తెరలు టీఎల్ఆర్9ను కోస్తేగానీ అది పనిచేయదు. చోటు మారగానే మిత్రుడు శత్రువయ్యాడు.

ఈ గ్రాహకాలను ఈఆర్ నుంచి ఎండోసోమ్ దాకా వెంటబెట్టుకుని వెళ్లేది యూఎన్‌సీ93బీ1. పేరులోని మొదటి మూడక్షరాలు నడక తడబడే ఒక నులిపురుగు నుంచి వచ్చాయి, ఆ పురుగు జన్యువుకు చుట్టం ఇది. 2006లో ఈ ప్రోటీన్ లేని ఇద్దరు పిల్లల్లో హెర్పిస్ మెదడువాపు వచ్చిందని జాన్-లారెంట్ కాసనోవా బృందం చూపించింది. మిగతా వైరస్‌లను ఆ పిల్లలు బాగానే తట్టుకున్నారు. గ్రాహకాలు ఉన్నాయి, వాటిని దింపవలసిన చోట దింపేవాడు లేడు, అంతే.

ఆర్ఎన్ఏ వైరస్‌ల వైపు చూస్తే రిగ్-ఐ అనే గ్రాహకం ఉంది. దాని గమ్యం మైటోకాండ్రియా పై పొర మీద కూర్చుని సంకేతాన్ని ముందుకు పంపే మావ్స్ అనే ప్రోటీన్. హెపటైటిస్ సి వైరస్ కత్తెర, మావ్స్‌ను పొరకు కట్టిన మొదలు దగ్గర 508వ స్థానంలో కోస్తుంది. మావ్స్‌లో సంకేతమిచ్చే భాగం చెక్కుచెదరదు. కానీ మైటోకాండ్రియా నుంచి ఊడి కణద్రవ్యంలో తేలిపోతుంది, పనికిరాకుండా పోతుంది. ‘చోటే మీట’ అన్న మాటకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలియదు. వైరస్ మనకంటే ముందే ఈ పాఠం నేర్చుకుంది.

డెంగీ గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మన రెండు రాష్ట్రాల్లో వానాకాలం వచ్చిందంటే ఆసుపత్రుల్లో పడకలు నింపేది అదే. డెంగీది ఆర్ఎన్ఏ జన్యువు, డీఎన్ఏను పసిగట్టే దారితో దానికేం పని అని మీరు అడగవచ్చు. డెంగీ సోకిన కణంలో మైటోకాండ్రియా దెబ్బతిని వాటి డీఎన్ఏ కణద్రవ్యంలోకి కారుతుంది, సీ-గ్యాస్ దాన్ని పట్టుకుంటుంది. అందుకే డెంగీ ముందుజాగ్రత్తగా ఎన్ఎస్2బీ3 అనే తన కత్తెరతో మనిషి స్టింగ్‌ను కోసేస్తుంది. ఎలుక స్టింగ్‌ను కోయలేదు, అక్కడ ఆ కోత పడే వరుస వేరు. 2012లో ఇది తేలింది. మామూలు ఎలుకలో డెంగీ సరిగా పెరగకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మందు పరీక్షించేవాళ్లకు నిత్యం ఎదురయ్యే తలనొప్పి కూడా. అంతటితో ఆగదు. ఆర్ఎన్ఏను పట్టిన రిగ్-ఐని మైటోకాండ్రియాకు తోడు తీసుకెళ్లే 14-3-3 ఎప్సిలాన్ అనే ప్రోటీన్ ఒకటుంది. డెంగీ ఎన్ఎస్3 ప్రోటీన్ ఆ తోడును తాను పట్టేసుకుంటుంది. 2016లో మైకేలా గాక్, సహచరులు దీన్ని చూపించారు. రిగ్-ఐ వైరస్‌ను గుర్తించింది, కానీ వార్త మోసుకెళ్లే బండి లేక దారిలోనే ఉండిపోయింది.

చివరి గుమ్మం కేంద్రకానిది. ఇంటర్ఫెరాన్ పక్క కణాన్ని తాకాక, ఆ కణంలో స్టాట్1 అనే సంకేత ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లాలి. ఎబోలా వీపీ24 ప్రోటీన్, స్టాట్1ను లోపలికి మోసే కారియోఫెరిన్‌ను తానే ఆక్రమిస్తుంది. కోవిడ్ వైరస్ ఓఆర్ఎఫ్6 ప్రోటీన్ ఏకంగా కేంద్రక రంధ్రంలోని నప్98ని పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడుతుంది. ఈ విషయం మీ సెమినార్‌కు దూరం కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను. ప్రశ్నల సమయంలో ఎవరైనా అడిగితే ఈ రెండు పేర్లు చాలు.

మీ రెండో ప్రశ్న, మందు. ప్రయాణాన్ని ఆపడానికి బ్రెఫెల్డిన్ వంటివి మనిషికి ఇవ్వలేం, ఊరి రోడ్లన్నీ మూసేసి ఒక దొంగను పట్టినట్టు ఉంటుంది. అందుకే గాల్జీలో పడే కొవ్వు అతుకును మాత్రమే అడ్డుకునే రసాయనాలు వెతికారు. 2018లో వచ్చిన హెచ్-151 స్టింగ్‌లోని 91వ సిస్టీన్‌ను పట్టుకుని ఆ పని చేస్తుంది. ప్రయోగశాలలో, ఎలుకల్లో బాగా పనిచేసింది. రోగుల దగ్గర ఇప్పటికి ఎక్కువగా వాడుతున్నవి బారిసిటినిబ్, రుక్సోలిటినిబ్ వంటి జాక్ నిరోధకాలు. అవి స్టింగ్ జోలికి పోవు, ఇంటర్ఫెరాన్ పుట్టాక దాని మాట వినకుండా కణాల చెవులు మూస్తాయి. సావి పిల్లల్లో కొంత మేలు చేస్తాయి, పూర్తిగా కాదు. ఇంటర్ఫెరాన్‌తో సంబంధం లేని పనులూ స్టింగ్‌కు ఉన్నాయి కాబట్టి ఆశ్చర్యం లేదు.

స్టింగ్‌ను ఆపడం కాకుండా రేపడానికి చేసిన ప్రయత్నంలో ఒక గుణపాఠం ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో పుట్టిన డీఎంఎక్స్ఏఏ అనే మందు ఎలుకల్లో కణితులను అద్భుతంగా కరిగించింది. మనుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద మూడో దశ పరీక్షల్లో విఫలమైంది. ఎందుకో 2013లో తెలిసింది. అది ఎలుక స్టింగ్ గుంటలో అతికినట్టు సరిపోతుంది, మనిషి స్టింగ్‌లో అసలు కూర్చోదు. డెంగీ కత్తెర కథకు ఇది తిరగేసిన రూపం. ఎలుకలో చూసిన స్టింగ్ ఫలితాన్ని మనిషి కణంలో మళ్లీ చూడకుండా నమ్మకండి.

మీ ప్రయోగశాలలో చిన్న ప్రదర్శన చేయాలనుకుంటున్నానని కూడా రాశారు. హెచ్ఈకే వద్దు. మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్ట్‌లు గానీ, టీహెచ్‌పీ-1 కణాలు (ప్రయోగశాలలో పెంచే మనిషి తెల్లరక్తకణాలు) గానీ తీసుకోండి, వాటిలో సొంత స్టింగ్ ఉంటుంది. సీజీఏఎంపీ దానంతట అది కణంలోకి సులువుగా దూరదు కాబట్టి పొరకు తాత్కాలికంగా చిన్న రంధ్రాలు చేసే డిజిటోనిన్‌తో ఇవ్వండి. డిజిటోనిన్ మోతాదు ముందుగా విడిగా సరిచూసుకోండి, ఎక్కువైతే కణాలు చచ్చి అంతా అబద్ధం చెబుతాయి. సున్నా, అరగంట, గంట, రెండు గంటలు, ఆరు గంటల దగ్గర కణాలను స్థిరీకరించి, స్టింగ్‌కు ఒక రంగు, గాల్జీ గుర్తుగా జీఎం130కి ఇంకో రంగు వేయండి. పక్కనే ఫాస్ఫేటు పడిన స్టింగ్‌కు వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష) చేసి అవే సమయాలతో పోల్చండి. ఆరు గంటల పలకలో స్టింగ్ మసకబారితే యాంటీబాడీ పాడైందని పారేయకండి. లైసోజోమ్ ఆమ్లతను ఆపే బాఫిలోమైసిన్ చివరి గంటల్లో వేసిన గిన్నె ఒకటి పక్కన పెట్టుకుంటే, అందులో మెరుపు మిగిలి ఉండాలి.